చేతికివ్వని సూది

లక్ష్మివారం పొద్దున్న నరసింగరావు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. స్నానం చెయ్యాలి. తెల్లచొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టుకోవాలి. ఎనిమిదిన్నరకి బావమరిది తిరుమలరావు రాజాం నుంచి వ్యాను తెస్తే ఎక్కి కూర్చోవాలి. పదకొండు లోపు శ్రీకూర్మంలో దిగాలి. తిథి ప్రకారం భార్య పద్మకుమారి పోయి ఆ రోజుకి ఏడాది. పిల్లలు లేరు కాబట్టి సంవత్సరీకం ఆయనే పెట్టాలి. పదకొండు దాటితే తనకి వేరే పనులున్నాయని పురోహితుడు నారాయణమూర్తి గారు ఫోనులో రెండుసార్లు చెప్పారు.

గుండీ సంగతి మాత్రం చిన్నది కాదు. కిందటేడు పదో రోజున, ఊరంతా పంక్తిలో కూర్చున్న వేళ, తిరుమలరావు బావ చొక్కా వంక చూసి, "మా అక్క బతుకంతా ఈయన గుండీలు కుట్టడానికే సరిపోనాది. ఇంక ఎవులు కుడతారో" అన్నాడు. నవ్విన వాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఇద్దరు చచ్చిపోయారు. మిగిలిన తొమ్మిది మందితో నరసింగరావుకి మాటల్లేవు.

అందుకని ఈ సంవత్సరీకం వేళకి జరగాలి, అన్ని గుండీలతో జరగాలి. తిరుమలరావుకి నోరెత్తే సందు దొరకకూడదు. ఏడాదిగా ఆయన దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే. దేవుడి మీద నమ్మకం లేకపోయినా అడిగాడు.

ఇంట్లో సూది లేక కాదు. గోడ మీది పాత క్యాలెండరుకి ఒక సూది గుచ్చి ఉంది. దానికి మూరెడు తెల్లదారం వేలాడుతోంది. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు పద్మకుమారి దారం ఎక్కించి అక్కడ గుచ్చింది. ఆ తర్వాత ఆ క్యాలెండరులో నెల మారలేదు, సూది కదల్లేదు. ఆవిడకొక పాడలవాటు ఉండేది. కుట్టేటప్పుడు ఎవరైనా పిలిస్తే సూదిని పైట మీద గుచ్చుకుని లేచిపోయేది. "ఏదో రోజు అది గుండెల్లో దిగబడతాది" అని ఆయన తిట్టేవాడు. ఏ సూదీ దిగకుండానే ఆ గుండె ఆగిపోయింది. క్యాలెండరు మీది సూదిని ఆయన ముట్టడు. ఎందుకు ముట్టవని అడగడానికి ఇంట్లో రెండో మనిషి లేరు.

అరుగు మీద నిలబడి ఎదురింటి తవిటమ్మని కేకేశాడు.

"తవిటమ్మా! సూదుంటే ఒకటియ్యే!"

"గోనెలు కుట్టే దబ్బనం కావాలా, బట్టలు కుట్టే సూది కావాలా బావా?"

"సొక్కాకి గుండీ కుట్టుకోవాల. గుండీని దబ్బనంతో కుడతారేటే?"

"నీ సంగతి నాకేటి తెలుస్తాది? ఉన్నది ఒకటే సూది. మల్లీ నాకిచ్చీయాల."

తవిటమ్మ సూది పట్టుకుని వీధి దాటి వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"సూది సేతికిత్తారేటి బావా? తగువులొత్తాయి."

"మనకి కొత్తగా రావాలేటే?"

"ఉన్నవి సాలు" అని సూదిని అరుగు మీద, బియ్యం చాట పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ బియ్యం తిరుమలరావు చేసిన ఏర్పాటు. పిండాలకీ, పురోహితుడికి ఇచ్చే దానానికీ ఇంటి బియ్యమే తేవాలని, రాళ్లు ఏరి తేవాలని హుకుం జారీ చేశాడు. నరసింగరావు ఒక కంటికి శుక్లం ఉంది. రెండో కన్ను మొదటి దాన్ని చూసి నేర్చుకుంటోంది. చొక్కా భుజాన వేసుకుని, వంగి, అరుగంతా తడిమి, ఎలాగో రెండు వేళ్లతో సూదిని పట్టుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది.

"బావా, లేసినావా?"

"లేవకుండా ఫోనెవులెత్తినారు?"

"బియ్యం ఏరినావా? సొక్కా ఉతికినావా? గుండీలున్నాయా?"

"నా గుండీలు నువ్వు లెక్కెట్టక్కర్నేదురా! నీ వ్యాను వేళకి తే సాలు!"

"నాను వేళకే వస్తాను. మా అక్క పెళ్లికి ఆలస్యంగా వచ్చింది నువ్వు."

ఈ తీరున అయిదు నిమిషాలు నడిచింది. నరసింగరావు ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో గాలిలో బావమరిదిని కొడుతూ మాట్లాడాడు. ఫోను ఎత్తినప్పుడు సూది చేతిలో ఉంది. పెట్టేసినప్పుడు లేదు.

అరుగు మీద వెతికాడు. మెట్ల మీద వెతికాడు. ఇక మిగిలింది చాట. చాట నిండా బియ్యం, బియ్యంలో సూది. ఆ బియ్యం వండుకు తిని నారాయణమూర్తి గారి గొంతులో సూది దిగితే ఆ పాపం ఏ క్షేత్రానికి వెళ్తే పోతుంది? పాపం సంగతి తర్వాత. "మా అక్క పేరు సెప్పి బాపనయ్యని సంపీసినాడు" అని తిరుమలరావు బతికున్నంత కాలం చెప్పుకుంటాడు.

చొక్కాని మంచం మీద పడేసి, దుప్పటి తెచ్చి ఎండ పడే చోట వీధిలో పరిచాడు. బియ్యం దాని మీద పోసి, మోకాళ్ల మీద కూర్చుని, గింజ గింజా పక్కకి జరపడం మొదలుపెట్టాడు. ముక్కు దుప్పటికి ఆనుతోంది. పక్కన నీడ పడితే మబ్బు పట్టిందనుకున్నాడు. మబ్బు బుస్సుమంది. తవిటమ్మ గేదె కట్టు తెంచుకుని వచ్చి రెండుసార్లు నోటి నిండా బియ్యం తీసుకుంది.

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే ఆయన వేళకి శ్రీకూర్మం చేరేవాడు. కానీ, "అందులో సూదున్నాదే!" అని అరిచాడు. ఆ అరుపు వీధి చివరి దాకా వినబడింది.

తవిటమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. వెనకే ఊరు వచ్చింది. ముందుగా వచ్చినవాడు గంగులు. ప్రతి జబ్బుతోనూ వాళ్ల చుట్టాల్లో ఒకరికి పరిచయం ఉంటుంది.

"సూది తిన్న గేదె పొద్దు తిరక్కముందే పోతాది నర్సింగన్నా. మా మావ గేదె అలాగే పోనాది."

"మీ మావ గేదెని పాము కరిసినాది కదరా?"

"పాము కరిసింది తరవాత. ముందు సూది తిన్నాది."

అయస్కాంతం పెడితే సూది ఎక్కడుందో తెలుస్తుందని గంగులే చెప్పాడు. పాడైపోయిన మైకులోంచి ఒక అయస్కాంతం ఊడదీసి తెచ్చి, గేదె పొట్ట మీద రాస్తూ మెడ దాకా వచ్చాడు. టక్కుమని అంటుకుంది. "దొరికినాది!" అని అరిచాడు. తవిటమ్మ మూర్ఛపోయింది. అయస్కాంతం అంటుకున్నది గేదె మెడలోని గొలుసుకి అని తెలిశాక లేచింది.

పక్క ఊరి నుంచి పశువుల కాంపౌండరు ఎల్లాజీని పిలిపించారు. ఆయన గేదె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కడుపులో సూది ఉన్నాదో నేదో సెప్పడానికి నా కాడ యంత్రం నేదు."

"మరెందుకొచ్చినావు?"

"పిలిసినారు కదా."

"ఏదో ఒకటి సెయ్యి బాబూ" అని తవిటమ్మ కాళ్లు పట్టుకోబోయింది.

"అయితే ఒక ఇంజెక్షనేత్తాను."

"దేనికి?" అని నరసింగరావు అడిగాడు.

"బలానికి."

గేదెకి బలానికి ఏ లోటూ లేదని ఆ తర్వాత తేలింది. పిర్ర మీద సూది దిగగానే అది ఎగిరి ఎల్లాజీని ఒకవైపు, ఆయన సంచిని ఇంకోవైపు పడేసి, గంగులు మీదుగా ఊరి పక్కన పారే గెడ్డ వైపు పరిగెత్తింది. ఇంజెక్షను గొట్టం ఎల్లాజీ చేతిలోనే ఉండిపోయింది. సూది గేదెతో వెళ్లిపోయింది. గేదెలో సూది ఉందా లేదా అని ఊరు అప్పటి దాకా గంట సేపు వాదించుకుంది. ఇప్పుడు ఉంది. ఎండకి మెరుస్తూ అందరికీ కనబడుతోంది.

"నా గేదెకి ఏటైనా అయితే నీ గుమ్మంలోనే కప్పెడతాను బావా!" అంది తవిటమ్మ.

నరసింగరావు గెడ్డలో దిగాడు. స్నానం చేసి కట్టుకున్న పంచెతోనే దిగాడు. నడుము లోతు బురద నీళ్లలో గేదెని కౌగిలించుకుని, పిర్ర తడిమి, పంటి బిగువున సూది లాగాడు. ఆ క్షణానే గట్టు మీద వ్యాను హారన్ మోగింది. సరిగ్గా ఎనిమిదిన్నర. తిరుమలరావు తెల్లబట్టల్లో దిగి, అక్క సంవత్సరీకం నాడు బావ ఉన్న స్థితిని తలనుంచి కాళ్ల దాకా చూశాడు. కాళ్లు నీళ్లలో ఉన్నాయి కాబట్టి నడుము దాకానే చూశాడు.

"ఏటి బావా ఇది?"

"సొక్కాకి గుండీ కుట్టుకుంటన్నాను" అన్నాడు నరసింగరావు. అది నిజమే.

అయినా కదలడానికి లేకపోయింది. గేదె నెమరు వేస్తే ప్రాణానికి భయం లేదని, వెయ్యకపోతే తాను చెప్పలేనని ఎల్లాజీ అన్నాడు. నెమరు వేసే దాకా వ్యాను కదలనివ్వనని తవిటమ్మ చక్రం ముందు కూర్చుంది. ఊరంతా గేదె ముందు కూర్చుంది. తిరుమలరావు కూడా వేరే దారి లేక ఒక రాయి మీద కూర్చున్నాడు. గేదె అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. తొమ్మిదైంది. పదైంది. నారాయణమూర్తి గారు ఫోను చేశారు. గేదె ఇంకా నెమరు వెయ్యలేదని ఆయనకి ఎలా చెప్పాలో తెలియక తిరుమలరావు ఫోను కట్టేశాడు.

పదకొండుంపావుకి గేదె దవడ కదిలింది. ఊరు ఈల వేసింది. నరసింగరావు జీవితంలో ఏడుపు ఆపుకున్న సందర్భాలు రెండు. ఇది రెండోది.

పంచె మార్చుకోవడానికి ఇంట్లోకి పరిగెత్తాడు. వెనకే తిరుమలరావు వచ్చాడు. వాళ్ల వెనక తవిటమ్మ వచ్చింది.

"నా సూది?"

"పోనాది కదే! ఆదివారం రాజాంలో కొనిస్తాను."

"కొన్నది నాకొద్దు. సూదికి సూది ఇయ్యి" అంటూ ఆవిడ గోడ వంక చూసింది. క్యాలెండరు కనబడింది. సూది పీకి, దారంతో సహా పట్టుకుని వెళ్లిపోయింది. చేతికి ఇవ్వలేదు, చేతికి తీసుకోలేదు. శాస్త్రానికి ఏ భంగమూ రాలేదు.

నరసింగరావు నోరు తెరిచాడు. పక్కన తిరుమలరావు ఉన్నాడు. ఒక సూది కోసం ఏడ్చాడని రాజాం అంతా చెప్పుకుంటాడు. నోరు మూసుకున్నాడు.

తిరుమలరావు తన తాళాల గుత్తికి ఉన్న పిన్నీసు తీసి, బావ చొక్కాకి గుండీ ఉండాల్సిన చోట పెట్టాడు. "దీనికా ఇంత రాద్ధాంతం?" అన్నాడు.

దారిలో శ్రీకాకుళంలో బియ్యం కొన్నారు. నరసింగరావు మెడ వెనక ఏదో గుచ్చుకుంటోంది. గంజి ఎక్కువైందనుకున్నాడు. అటూ ఇటూ కదిలితే, "కుదురుగా కూకో బావా, ఇయ్యాల సేసింది సాలు" అని తిరుమలరావు కసిరాడు. శ్రీకూర్మం చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. నారాయణమూర్తి గారు సంచి భుజాన వేసుకుని బయల్దేరుతున్నారు. తిరుమలరావు ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. గేదె కథ మొత్తం చెప్పాడు. ఆయన నమ్మలేదు గానీ జాలిపడి సంచి దింపారు.

"సరే, కూర్చోండి. చొక్కా విప్పండి."

"ఏటండి?" అన్నాడు నరసింగరావు.

"చొక్కా విప్పండి. చొక్కాతో పిండం పెడతారా ఎక్కడైనా?"

నరసింగరావు పిన్నీసు తీశాడు. చొక్కా విప్పాడు. తిరుమలరావు దాన్ని అందుకుని, "అమ్మా!" అని చెయ్యి విదిలించాడు. కాలరు కింద, గుడ్డలో నిలువుగా గుచ్చి ఉన్న సూదిని మెల్లగా బయటికి లాగాడు. సూది వంక చూశాడు. కొన్న బియ్యం వంక చూశాడు. బావ వంక చూశాడు. తిట్టడానికి ఏడాదికి సరిపడా సరుకు దొరికింది.

"మా అక్క కూడా ఇలాగే గుచ్చుకునీది" అన్నాడు. అంతే అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. పిండం పెట్టేటప్పుడు నరసింగరావు చేతిలోంచి అది జారింది. నెయ్యి ఎక్కువైందని పురోహితుడితో చెప్పాడు.

ఊరు చేరేసరికి ఇళ్లలో దీపాలు వెలిగాయి. నరసింగరావు వ్యాను దిగి తిన్నగా తవిటమ్మ గుమ్మంలోకి నడిచాడు.

"తవిటమ్మా, నీ సూది దొరికినాది. ఇదిగో."

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "దీపాలెట్టినాక దాని పేరెత్తకూడదు బావా! పైగా సేతికిత్తన్నావు!"

"కింద పెడతాను. నువ్వు పట్టుకెల్లింది నాకు తెచ్చీ."

"ఇప్పుడు అవ్వదు. రేపు శుక్కురవారం, ఇంట్లోంచి ఏదీ బయటికియ్యం. ఎల్లుండి శనివారం, ఇనుము ముట్టం. ఆదివారం రా."

ఆయన తలూపి వెనక్కి తిరిగాడు.

"ఆదివారం వచ్చినా సూది ఇయ్యను బావా" అంది తవిటమ్మ వెనక నుంచి. ఈసారి గొంతు తగ్గింది. "అదీ నాదే. ఆసుపత్రికెల్లే ముందు రోజు పద్మ నా కాడ అడిగి పట్టుకెల్లినాది. నీ తెల్లసొక్కా గుండీ వదులైపోనాది, కుట్టాలని. నీ ముకం సూసి ఇన్నాళ్లూ అడగనేదు."

నరసింగరావు తన చేతిలోని సూదిని ఆవిడ గడప పక్కన కింద పెట్టాడు.

"మరి దారం?"

"దారం దానిదే. ఆదివారం వచ్చి పట్టుకెల్లు."

ఇంటికి వచ్చి క్యాలెండరు ముందు కూర్చున్నాడు. సూది ఉన్న చోట చిన్న కన్నం ఉంది. ఆదివారం ఇంకా మూడు రోజులుంది. పద్మకుమారి బతికున్నప్పుడు ఆవిడ కోసం ఆయన మూడు నిమిషాలు ఎదురుచూసిన మనిషి కాడు.