మామ కారుకు కొత్త గొట్టం

క్రీస్తురాజు భూస్థాపన ఉదయం పదకొండింటికని ఇంటివాళ్ళంతా కూర్చుని నిర్ణయించారు. బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళి పాస్టరు సంజీవరావు గారిని మైపాడుకు తీసుకొచ్చే పని మేనల్లుడు మాథ్యూ మీద పడింది. ఆరింటికల్లా మామ కారుకు కొత్త గొట్టం బిగించడం మొదలుపెట్టి, ఏడింటికి ముగించి, ఎనిమిదింటికి బయల్దేరితే, పదిన్నరకు అయ్యగారు ఇంటి ముందు దిగుతారని అతను అనుకున్నాడు.

ఆ కారు ఇరవై రెండేళ్ళ నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకు జానెడెత్తు. ఇంజనుకు గాలి బాగా అందితే మళ్ళీ కొత్తదానిలా పరిగెడుతుందని ఎవరో చెప్పగా క్రీస్తురాజు ఒక పొడుగాటి గొట్టం, దాని కొసన బిగించే ఫిల్టరు తెప్పించుకున్నాడు. అట్టపెట్టె విప్పకముందే ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. నాలుగు నెలలు ఆక్సిజన్ మీద నెట్టుకొచ్చి, ముందురోజు సాయంత్రం కన్నుమూశాడు.

మాథ్యూ నెల్లూరులో ఏసీలు బాగుచేస్తాడు. గాలితో ముడిపడ్డ పని ఏదైనా తనకు వచ్చినట్టేనని అతని నమ్మకం. మామను సాగనంపే రోజున ఆయన ముచ్చట తీర్చాలనుకుని, శవం పక్కన కూర్చున్న మగ్దలీనమ్మను అడిగాడు.

"అత్తా, మామ తెప్పించిన గొట్టం కారుకు పెట్టేదా?"

"ఆయనకెట్టాగూ అందలేదు గాలి. దానికన్నా అందనీ," అందామె.

పాత ఫిల్టరు డబ్బా ఊడిరావడానికే గంట పట్టింది. కొత్త గొట్టం వంపు తిరిగి ముందు బంపరు వెనక్కి, రోడ్డుకు బాగా దగ్గరగా దిగింది. చల్లగాలి అక్కడే దొరుకుతుందని అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది. బిగించే క్లిప్పు ఒకటి విరిగిపోతే, పక్కింటి బోటు మెకానిక్కు చెంగయ్య తన దగ్గరున్నది తెచ్చి ఇచ్చాడు. వంగి కారు కింద చూసి మొహం చిట్లించాడు.

"అబ్బయా, రెండ్రోజులుగా వాన పడతా ఉండాది. నా బోటు ఇంజను సముద్రంలో తిరిగేదే అయినా నోరు పైకి పెట్టుకోనుంటాది. నువ్వు దీని నోరు నేలకు పెట్టినావే!"

"అది బోటు, ఇది కారు చెంగయ్యన్నా," అన్నాడు మాథ్యూ.

కారు స్టార్టు చేసేసరికి తొమ్మిది దాటింది. ఆ గర్జనకు, ఏడ్చి ఏడ్చి అప్పుడే సర్దుకున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

అరవై ఎనిమిదేళ్ళ సంజీవరావు గారు భారీ మనిషి. ఆయన్ను ఆ కారులో కూర్చోబెట్టడానికి మాథ్యూ, పాస్టరమ్మ గారు కలిసి తొయ్యాల్సి వచ్చింది. నెల్లూరు దాటి మైపాడు దారి పట్టాక వాగు మీద కట్టిన చప్టా వచ్చింది. దానిమీద మోకాలెత్తు నీళ్ళు పారుతున్నాయి. పొద్దున పోయేటప్పుడు అవి చీలమండ దాకా కూడా లేవు.

"పోవచ్చా నాయనా?"

"గాలి బాగా లాగతా ఉండాది అయ్యగారూ, పోతాది."

కారు లాగింది. సగం దూరంలో గాలికి బదులు నీళ్ళు లాగింది. లోపల ఇనుము విరిగినట్టు చప్పుడై, కారు నిలబడిపోయింది. కాళ్ళ దగ్గరకు నీళ్ళు రాసాగాయి. పాస్టరు గారు పాలిథిన్ కవరులో చుట్టిన బైబిలు పట్టుకుని కారు పైకెక్కి కూర్చున్నారు. ఆ కారు పొట్టిదవడం వల్ల జరిగిన మేలు అదొక్కటే.

మాథ్యూ, మామ ఇంట్లో ఉన్న భార్య షారన్‌కు ఫోను చేశాడు. "చప్టాలో ఇరుక్కున్నాం! అయ్యగారు నాతోనే ఉండారు. నీళ్ళు లోపలికి పోయి ఇంజను ఊపిరాగిపోయింది…"

సిగ్నలు తెగి తెగి, షారన్‌కు "చప్టాలో", "అయ్యగారు", "నీళ్ళు లోపలికి పోయి", "ఊపిరాగిపోయింది" మాత్రమే వినిపించాయి. ఆమె కేక పెట్టింది. "అయ్యో, అయ్యగారు నీళ్ళల్లో పోయినారంట!"

చావింట్లో జనమంతా ఒక్కసారిగా లేచి బయటికి పరిగెత్తారు. జాలర్లు తాళ్ళు అందుకున్నారు. పెట్టెను మోసుకుపోవడానికి వచ్చిన శవాల వ్యాను, ముందు పాస్టరు గారి కోసం పరుగు తీసింది. చెంగయ్య కూడా వెళ్ళాడు. ఎవరో పాస్టరమ్మ గారికి ఫోను చేసి ఓదార్చడం కూడా మొదలుపెట్టారు.

చప్టా దగ్గర పాస్టరు గారు గొడుగేసుకుని కనిపించేసరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. జాలర్లు ఆయన్ను భుజాల మీద ఒడ్డుకు చేర్చారు. జనాన్ని దింపిన ఆటోలన్నీ నీళ్ళకు భయపడి వెనక్కి పోయాయి. ఉన్నది శవాల వ్యాను ఒక్కటే. ముందు సీట్లలో సంఘ పెద్దలు ఇరుక్కుని ఉన్నారు.

"వెనక పడుకోండి అయ్యగారూ, కూర్చుంటే తల తగలతాది," అన్నాడు డ్రైవరు.

ఆయన బైబిలు గుండెల మీద పెట్టుకుని పడుకున్నారు. మైపాడులో తలుపు తీయగానే, శవాన్నే తెచ్చారనుకుని చేతులు జోడించి ముందుకొచ్చిన ఆ వీధి ముసలామె పిచ్చమ్మ, ఆయన లేచి కూర్చోవడం చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకు సోడా తాగించి, పాస్టరు గారికి పొడి పంచె కట్టించి, సమాధి గుంటలో చేరిన నీళ్ళు తోడించి, భూస్థాపన ముగించేసరికి నాలుగైంది. కారు ఇంజనులో కడ్డీలు వంగిపోయాయని, అది ఇక లేవదని చెంగయ్య ప్రార్థన మధ్యలోనే తేల్చేశాడు.

అందరూ వెళ్ళాక మాథ్యూ అత్త కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మామ ఆఖరి రోజును నవ్వులపాలు చేశానని అతని బాధ.

"నిన్ను, మామను వదిలేసి ఊరంతా పరిగెత్తేట్టు చేసినా అత్తా. ఒక్కదానివే మిగిలిపోయినావు."

మగ్దలీనమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

"నాలుగు నెల్లుగా ఇంటి నిండా జనమే అబ్బయా. మాకిద్దరికీ ఆ గంటే దొరికింది. చెయ్యి పట్టుకోని కూర్చున్నా. సిగరెట్లు మానమంటే మానలేదని తిట్టినా, నన్నొదిలి పోయినాడని తిట్టినా, బాగా ఏడ్చినా."

మాథ్యూ తలెత్తి చూశాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పెళ్ళైన కొత్తల్లో వాటికి తిట్టాల్సినవి ఇంకా మిగిలిపోయినాయి. నువ్వు ఇంకో అరగంట ఆగి రావాల్సింది."