మెట్ల లైటు

...ఆర్పాను. టక్కుమన్న చప్పుడు వేలికి ఇంకా గుర్తుంది. మరి వెలుగుతోందేమిటి?

అల్లుడు రెండో మెట్టు మీద ఆగిపోయాడు. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా అతనికి ఇదే మొదటి రోజు. ఎనిమిదిన్నరకల్లా సంతకం పెట్టకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. కిటికీ లేని ఆ మెట్లకి, అతనికి తెలిసి, స్విచ్ పైనే ఉంది. లైటు ఆర్పి, గోడ పట్టుకుని చీకట్లో దిగడం ఇంటి అలవాటు.

వెనక్కెక్కి ఆర్పాడు. రెండు మెట్లు దిగాడు. వెలిగింది.

ఆరోసారికి అతనికి స్విచ్ మీద కాదు, తన మీదే అనుమానం వచ్చింది. చెయ్యి ఒకటి చేస్తోంది, మనసు ఇంకొకటి రాసుకుంటోంది. ఇలాంటివాడు ఫ్యాక్టరీని ఏం కాపాడతాడు? వారం కిందట చుట్టాల ముందు మామగారు అననే అన్నారు: "మా అల్లుడు తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. నాలుగోసారి తలుపే ఊడొస్తుంది." ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఏమేవ్! నేను లైటు ఆర్పానా?"

"నన్నడిగితే? చెయ్యి మీది," అంది భార్య వంటింట్లోంచి.

మేనేజరుకి ఫోన్ చేశాడు. "ఇంట్లో వైరింగ్ ఏదో తేడాగా ఉందండీ, కాస్త ఆలస్యం..."

"ముందు మెయిన్ కట్టేయండి! ఇంట్లోవాళ్లని బయటికి పంపండి! సేఫ్టీ మనిషి మీరు, నేను చెప్పాలా?"

మెయిన్ కట్టేశాడు. మిక్సీ ఆగింది, ఫ్యాన్ ఆగింది. భార్య గరిటెతో వచ్చింది.

అప్పుడు మెట్ల మలుపు కిందనుంచి మామగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ! మాట మధ్యలో కరెంటు తీసేశారేమిటి?"

"మాటేమిటండీ?"

"చీకట్లో దిగొద్దని నేను లైటు వేశాను. అక్కర్లేదని మీరు ఆర్పారు. మళ్లీ వేశాను. వారం తర్వాత పలికారు కదా అని సంతోషంగానే ఉంది."

భార్య నాలిక కరుచుకుంది. "నిన్న మీరు ట్రైనింగుకి వెళ్లినప్పుడు నాన్న కిందా ఒక స్విచ్ పెట్టించారు. ఏది నొక్కినా లైటు మారుతుందట. చెప్పడం మర్చిపోయాను."

ఆమె మెయిన్ వేసింది. లైటు వెలిగింది. అల్లుడు కాసేపు దానివైపు చూసి, ఒక్కసారి స్విచ్ నొక్కాడు. చీకటి. కిందనుంచి టక్కుమంది. వెలుగు.

అతను వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

వీధి గేటు గడియ మాత్రం మూడుసార్లు లాగి చూశాడు. మామగారు లెక్కపెట్టారు గానీ, ఏమీ అనలేదు.