మామగారి సీరియల్, కోడలి కుదింపు

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు కాస్త ముందుగా వెళ్లి, వెబ్ పత్రిక సర్వర్‌లో నిండిపోయిన డిస్కును కొంత ఖాళీ చేసి, చీకటి పడకముందే ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చోవాలి. అంతకు మించి ఆమె ఆ రోజును ఏమీ కోరలేదు.

చెప్పులు వేసుకుంటుండగా మామగారు వరండాలోకి వచ్చారు. ఆయన రిటైరైన వకీలు. వృత్తిలో ఉన్నన్నాళ్లూ కేసులను వాయిదాల మీద నడిపిన చేత్తోనే ఇప్పుడు కోడలు పనిచేసే పత్రికలో డిటెక్టివ్ సీరియల్ నడుపుతున్నారు. అందులో ఒక పెద్దమనిషి తన మేడమెట్ల కింద శవమై పడి ఏడాది దాటింది. శవం మొదటి వారంలోనే దొరికింది. హంతకుడు మాత్రం దొరకలేదు. ఎందుకంటే డిటెక్టివ్ ఏ ఇంటికి వెళ్లినా అక్కడి కుర్చీలూ కిటికీలూ వర్ణనకు వచ్చేవి, తర్వాత ఇంటివాళ్ల వంశచరిత్ర వచ్చేది, అది అయ్యేలోపు ఆ వారం భాగం అయిపోయేది.

"అమ్మాయ్, ఆఖరి భాగం పొద్దున్నే ఎక్కించేశాను. చదివి చెప్పు."

"బస్సులో చదువుతాను మామయ్యగారూ."

బస్సులో ఆమె నిద్రపోయింది. ఇప్పటిదాకా ఆ సీరియల్‌లో ఒక్క భాగాన్నీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఇంటి శాంతి కోసం ప్రతి వారం "బిగువుగా ఉంది" అని మాత్రం అంటూ వచ్చింది. బస్సు దిగాక అలవాటు ప్రకారం ఫోన్‌లో ఒక సందేశం కొట్టింది. "ముగింపు అదిరింది మామయ్యగారూ. అస్సలు ఊహించలేదు." అందులో రెండో వాక్యం నిజమే.

ఆఫీసులో సంపాదకుడు అప్పటికే పచార్లు చేస్తున్నాడు. "కొత్త డిస్కు మాట మాత్రం ఎత్తకమ్మా. ఉన్నదాంట్లోనే సర్దు," అన్నాడు. సర్దుకోవడమనేది ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే విద్య అని అతని గట్టి నమ్మకం.

ఆ పత్రిక నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద. అందులో రాతను మూట కట్టే ఫంక్షన్ ఒకటి, మూట విప్పే ఫంక్షన్ ఒకటి ఉంటాయి. ఒకే మాట పదే పదే వస్తే ఒక్కసారి రాసుకుని, మిగతా చోట్ల 'పైన చెప్పిందే' అని గుర్తు పెట్టుకోవడం ఆ కుదింపులోని కిటుకు. మామగారి సీరియల్ చదివిన వాళ్లెవరో కడుపు మండి ఈ విద్య కనిపెట్టారేమో అనిపించేలా ఉంటుంది.

ముందుగా సంపాదకుడు రాసిన నాలుగు పాదాల కవిత మీద పరీక్షించింది. మూట కట్టాక అది ఇంకాస్త పెద్దదైంది. తీసెయ్యడానికి లోపల ఏమీ లేకపోతే మూటగుడ్డ బరువు పైన పడుతుందన్నమాట. అయినా విప్పితే కవిత చెక్కుచెదరకుండా వచ్చింది. కవితకు ఏమీ కాలేదంటే మిగతావాటికీ ఏమీ కాదని తీర్మానించుకుని, పత్రికలోని మొత్తం రచనల మీదికి ప్రోగ్రామును వదిలింది.

కాసేపటికి తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. కొన్ని మూటలు విప్పుకోవడం లేదు, పాడయ్యాయట. ఎందుకు పాడయ్యాయో వెతకాలంటే టీ చల్లారిపోతుంది. అందుకని విప్పే పద్ధతిని మార్చి, 'వచ్చినంతవరకు విప్పి చూపించు' అని పెట్టింది. ఎర్ర అక్షరాలు పోయాయి. కనిపించని తప్పు తప్పు కాదన్నది ఆ వృత్తిలో తాతల కాలం నాటి సూత్రం. మూటలూ విడి బట్టలూ రెండూ ఉంచుకుంటే చోటు ఎక్కడ మిగులుతుందని అసలు రాతలన్నిటినీ తుడిచేసింది. డిస్కు సగం ఖాళీ అయింది. సంపాదకుడు వచ్చి చూసి, "నేను చెప్పాను కదా, సర్దితే సర్దుకుంటుంది," అని ఆ ఘనతను తన ఖాతాలో వేసుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా మామగారి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, మీ సంపాదకుడు నా పీక కోశాడు."

"ఏమైంది మామయ్యగారూ?"

"మీ అత్తయ్యకి చదివి వినిపిస్తున్నాను. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, 'హంతకుడు మరెవరో కాదు' అన్నాడు. అక్కడితో ఆపేశారు. కింద తెల్లకాగితంలా ఖాళీ. మీ అత్తయ్య 'ఎవరండీ, ఎవరండీ' అని ప్రాణం తీస్తోంది. నిడివి ఎక్కువైందని ఆ మనిషి ఎన్నాళ్లుగానో గొణుగుతున్నాడు, ఇవాళ కత్తి పెట్టాడు."

కోడలు డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. రచనలన్నీ దాచే డేటాబేస్ తెరిచి చూస్తే సంగతి తేటతెల్లమైంది. మూటలు పెట్టిన గడి కొలత చిన్నది. పట్టినంత ఉంచుకుని, పట్టని తోకను డేటాబేస్ నోరెత్తకుండా కోసి పారేసింది. పొట్టి రచనలన్నీ క్షేమం. మూట కట్టినా పొడుగు తగ్గని రచయితలకే కోత పడింది. అలాంటివాళ్లు ఇంకొందరు ఉన్నారు. వాళ్ల పాఠకుల్లో ఒక్కరూ తేడా గమనించినట్టు లేదు.

"మామయ్యగారూ, మీ దగ్గర ఇంకో కాపీ ఉందా?"

"ఎక్కడిది? నేరుగా మీ సైట్‌లోనే కొడతాను కదా."

"పోనీ... హంతకుడెవరో కాస్త చెప్తే, నేను ఇక్కడ..."

అవతల మామగారు గొంతు సవరించుకున్నారు. అది క్రాస్ ఎగ్జామినేషన్‌కు ముందు వకీళ్లు చేసే సవరింపు.

"పొద్దున చదివానన్నావు. ముగింపు అదిరిందన్నావు. అస్సలు ఊహించలేదన్నావు."

"అవునండీ. మీ నోటితో ఇంకోసారి వినాలని."

"నేనే అక్కడికి వస్తున్నాను. ఇద్దరికీ కలిపి చెప్తాను," అని ఫోన్ పెట్టేశారు.

ఉద్యోగం ముందు పోతుందా, ఇంట్లో మర్యాద ముందు పోతుందా అని ఆమె లెక్క వేసుకుంటుండగా సంపాదకుడు గదిలోంచి వెలిగిపోతూ బయటికి వచ్చాడు.

"చూశావా అమ్మా, మీ మామగారి కథకి వస్తున్న స్పందన? ఏడాదిగా తిట్టినవాళ్లే దండాలు పెడుతున్నారు. 'హంతకుణ్ని మా మనస్సాక్షికే వదిలేశారు' అని ఒకరు. 'చెప్పకుండానే అంతా చెప్పారు' అని ఇంకొకరు. ఆ ఇంటి వంటవాడని కొందరు, చచ్చినాయన తమ్ముడని కొందరు కొట్టుకు చస్తున్నారు."

"సార్, అసలు అది..."

"ఆ ముగింపు నేనిచ్చిన సలహానే అని కింద రాసేశాను కూడా."

ఒక మనిషి అంత ఎత్తుకు ఎక్కాక కింద నిచ్చెన లేదని చెప్పడం భావ్యం కాదు.

మామగారు వచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది. దారి పొడవునా ఫోన్లట. జన్మలో మెచ్చుకోని ఒక జడ్జిగారు సైతం ఫోన్ చేసి, "మీరు వాదన మధ్యలో ఆపడం ఇదే మొదటిసారి, చాలా బాగుంది" అన్నారట. పీక కోశాడన్న మాట దారిలోనే ఎక్కడో జారిపోయింది.

"ఏమయ్యా, ఆ ముగింపు నీ సలహానా?" అన్నారు లోపలికి వస్తూనే.

"క్లుప్తంగా ఉండాలని మీకు ఎన్నిసార్లు చెప్పాను వకీలుగారూ?"

"క్లుప్తత నా రక్తంలోనే ఉంది. ఏడాదిపాటు దాన్ని అణిచిపెట్టి, సరిగ్గా ఆఖరున బయటపెట్టాను. అదీ వ్యూహం."

ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఎవరూ చెయ్యని పనికి యజమాని ఎవరో తేల్చుకోవడం మొదలుపెట్టారు. ఇదే అదనని కోడలు నడుం బిగించింది. రచయితలు ఎక్కించే ప్రతి భాగానికీ ఒక నకలు సంపాదకుడి మెయిల్‌కు వెళ్లే ఏర్పాటు ఉంది, అతను చదివి సరేననాలని. పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడల్లా ఆమెనే అడుగుతాడు కనుక ఆ మెయిల్ తాళం ఆమెకు కంఠతా వచ్చు. తెరిచి చూస్తే ఏడాది సీరియల్ మొత్తం అక్కడే ఉంది. ఒక్కటీ విప్పి చూసిన దాఖలా లేదు. తనకు తోడు దొరికినందుకు ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. గడి కొలత పెంచి, ఆఖరి భాగాన్ని పూర్తిగా మళ్లీ ఎక్కించింది. ఎక్కించాక, జీవితంలో మొదటిసారి, మామగారి రచనను చదివింది.

'హంతకుడు మరెవరో కాదు, హంతకుడే లేడు. హత్యే జరగలేదు. ఆయన మెట్లమీద కాలు జారి పడ్డారు.' ఆ తర్వాత మెట్లు ఎందుకు జారతాయన్న విషయం మీద సుదీర్ఘమైన వ్యాసం ఉంది. ఏ రాయి ఎంత జారుతుందో, తడిస్తే ఎంతో విడివిడిగా.

ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్లేలోపే పాఠకులు అక్కడికి చేరుకున్నారు. వంటవాడి పక్షమూ తమ్ముడి పక్షమూ ఒక్కటైపోయాయి. ఏడాది తిట్లు ఒక్క గంటలో వచ్చిపడ్డాయి. గది తలుపు దభాలున తెరుచుకుంది. ఇద్దరూ ఆమె కుర్చీ వెనక నిలబడి తెరను చదివారు.

"నేను ఒప్పుకున్న ప్రతి ఇది కాదు," అన్నాడు సంపాదకుడు ముందుగా.

మామగారు కళ్లజోడు సవరించుకుని తన వాక్యాలను ఒక్కొక్కటిగా చూశారు. సొంత బిడ్డను పోలీస్ స్టేషన్‌లో చూసిన తండ్రి ముఖంలా ఉంది ఆయన ముఖం.

"ఈ చెత్త నేను రాయలేదు," అన్నారు చివరికి. "ఎవడో దుండగుడు నా కథకి తోక తగిలించాడు."

"మామయ్యగారూ, తప్పు నాదే. పొద్దున డిస్కు కోసం..."

"నువ్వు ఊరుకో అమ్మాయ్. నీకు తెలీదు, ఇది హ్యాకర్ల పని." ఆమె నోరు విప్పకుండా అడ్డంగా చెయ్యి ఊపి, సంపాదకుడు నీళ్లు తాగడానికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు. "ఆ కుదించేదేదో నా పాత భాగాలకీ వాడావా?"

"వాడానండీ. అన్నీ సగంలోనే ఆగిపోతున్నాయి. పూర్తి ప్రతులు దొరికాయి, సాయంత్రానికి అన్నీ పెట్టేస్తాను."

"వద్దు. అలాగే ఉండనీ. ఇది కూడా మధ్యాహ్నం ఎలా ఉందో అలాగే చెయ్యి." వెళ్లబోతూ ఆగారు. "ఇంతకీ నువ్వు నిజంగా చదివావా?"

"ఇప్పుడే చదివాను మామయ్యగారూ."

"ఎలా ఉంది?"

"మధ్యాహ్నం ఉన్నదే బాగుందండీ."

ఆయన తల ఊపారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆమె చెప్పిన అభిప్రాయాల్లో ఆయన నమ్మింది అదొక్కటే.

ఆఖరి భాగం మళ్లీ 'మరెవరో కాదు' దగ్గర ఆగింది. పాఠకులు సైట్ భద్రత మీద కాస్త విసుక్కుని, వంటవాడి పక్షంగా తమ్ముడి పక్షంగా మళ్లీ విడిపోయి సంతోషంగా కొట్టుకోవడం మొదలుపెట్టారు. మర్నాడు సంపాదకుడు తన సంపాదకీయాన్ని కోడలికి పంపాడు, చదవమని కాదు, కుదించమని.