ఉప్పు నిలవని ఒంటికి ఉప్పులేని పథ్యం

లాక్‌డౌన్‌లో జబ్బు చేస్తే డాక్టరెందుకండీ? వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే మొగుడు ఒక్కడుంటే చాలు! నమ్మకపోతే ఐర్లండ్‌లో, ములింగార్‌లో ఉండే సత్యవాణిని అడగండి. అడిగినా ఆవిడ చెప్పదనుకోండి. చెప్పడానికి ఆయనున్నారుగా!

ఆయనంటే సాఫ్ట్‌వేర్ మధుసూదనరావుగారు. వారి నోటికి రానిది 'తెలియదు' అనే మాటొక్కటే. 2020 వేసవిలో సత్యవాణికి నీరసం, కళ్ల మంటలు, కాళ్లు పట్టేయడం మొదలయ్యాయి. అన్నం లేకుండానే ఆవకాయ స్పూనుతో తినేస్తోంది. ఉప్పు విషమని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు అప్పటికే తేల్చేసింది. ఇంకేం, ఆవకాయ జాడీ వంటింట్లో అన్నిటికన్నా పై అలమరలోకి ఎక్కింది. పప్పులో, పులుసులో ఉప్పు బంద్!

"ఒళ్లే అడుగుతోందండీ ఉప్పు," అందావిడ.

"అది ఒళ్లు కాదు సత్యా, అడిక్షన్," అన్నారాయన, మీటింగ్ మ్యూట్‌లో పెట్టి.

భార్య కోసం మీటింగ్ మ్యూట్ చేసే భర్తలు ఎందరుంటారు చెప్పండి? ఆవిడ బీపీ తొంభైకి దిగిపోతే 'రిజల్ట్స్!' అని గ్రూపులో పోస్టు కూడా పెట్టారు. బంధువులంతా చప్పట్లు కొట్టారు.

జీపీ, అదే అక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఆ రోజుల్లో ఫోన్‌లోనే చూసేవాడు. ఆ ఫోను రావుగారి చేతిలో ఉండేది. పేషెంట్‌కి ఎలా ఉందని అడగడం ఆలస్యం, "షీ ఈజ్ గ్రాండ్, డాక్టర్!" గ్రాండ్ అంటే ఐరిష్ వాళ్ల భాషలో బ్రహ్మాండంగా ఉందని. మూడు కాల్స్, మూడు గ్రాండ్‌లు.

"డాడ్, షీ ఈజ్ నాట్ గ్రాండ్ అట్ ఆల్," అంది పదేళ్ల కూతురు సాహితి.

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకమ్మా."

అక్టోబరులో సత్యవాణి వంటింట్లో కుప్పకూలింది. అంబులెన్సు వెనకాలే ఫైలు పట్టుకుని రావుగారూ వెళ్లారు. ఆస్పత్రి గుమ్మంలోనే ఆపేశారు. కోవిడ్ రూలు, పేషెంట్ ఒక్కరే!

లోపల నర్సు మంచం పక్కన కూర్చుని, ఏం బాధో మీరే చెప్పండి అంది. సత్యవాణి అలవాటుకొద్దీ పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. అప్పుడు చెప్పింది. ముప్పావుగంట చెప్పింది, మధ్యమధ్య ఏడ్చింది.

పొటాషియం గుండె ఆగిపోయేంత కిందికి పడిపోయిందట. పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఒకటి ఇన్నాళ్లూ ఊరికే పడి ఉంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఇప్పుడు సొంత కిడ్నీల మీదే తిరగబడి దానికి తోడైంది. రెండూ కలిసి ఒంట్లో ఉప్పునంతా, పొటాషియంతో సహా, మూత్రంలో పారబోస్తున్నాయి. మందులతో పాటు ఉప్పు బాగా తినాలన్నారు డాక్టర్లు. కాపాడేవాళ్లే మీద పడడం ఆవిడకి మాత్రం కొత్తగా ఏమీ అనిపించలేదు.

రావుగారు నిజంగానే కుంగిపోయారు, పాపం. రెండు రోజులు! మూడో రోజు నుంచి ఉప్పు ఎలా తినాలో ఆవిడకి నేర్పుతున్నారు.

2022లో ఆంక్షలు ఎత్తేశారు. తోడుగా ఒకరు రావచ్చని క్లినిక్ నుంచి ఉత్తరం వచ్చింది. సత్యవాణి చదివి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది. అపాయింట్‌మెంట్ రోజున రావుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారైపోయారు.

"పద పద, డాక్టర్‌తో నేను చెప్తాగా!"

"ఇంకా పేషెంట్‌నొక్కదాన్నే రానిస్తున్నారండీ," అంది సత్యవాణి, కారు తాళాలు తీసుకుంటూ. "ఈ కోవిడ్ ఎప్పటికి పోతుందో ఏమో!"