తాళం బొమ్మ

మనసులోని భయాలకు మందిచ్చే డాక్టరుగారి కొత్త వెబ్‌సైటు విడుదలకు ముందు అత్యంత రహస్యంగా ఉంచబడిందనీ, ఆ రహస్యాన్ని చూసినవారందరూ ముక్తకంఠంతో మెచ్చుకున్నారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

సైటు తయారుచేసింది మార్కెట్ వెనక వీధిలో, జెరాక్స్ షాపు పై అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ. అందులో ఒక యజమాని, ఒక డిజైనరు అమ్మాయి ఉంటారు. యజమానికి దూరదృష్టి ఎక్కువ. దగ్గరి పనులన్నీ ఆ అమ్మాయి చూసుకుంటుంది. డాక్టరుగారి సైటు పెద్ద చిక్కున్నది కాదు; అచ్చేసిన కరపత్రంలా ఎవరు తెరిచినా అవే పేజీలు కనిపించే రకం. విడుదలకు ముందు డాక్టరుగారొక్కరే చూసి బాగుందనాలి. అందుకని పాస్‌వర్డు పెట్టమన్నారు.

పెట్టడానికి రెండు దారులున్నాయని అమ్మాయి యజమానికి చెప్పింది. ఒకటి, సైటు ఉండే సర్వరు దగ్గరే కాపలా పెట్టడం. పాస్‌వర్డు చెప్పనివాడికి ఒక్క అక్షరం కూడా బయటికి రాదు. రెండోది, పేజీ మొత్తం ముందే పంపేసి, దానిమీద తెర కప్పి, తెరమీద తాళం బొమ్మ వేయడం. పాస్‌వర్డు కొడితే తెర లేస్తుంది. కొట్టకపోయినా కాస్త తెలిసినవాడు తెర ఎత్తి చూడొచ్చు. పాస్‌వర్డు కూడా అక్కడే రాసి ఉంటుంది. మొదటిదానికి ఒక పూట పడుతుంది. రెండోది టీ చల్లారేలోపు అయిపోతుంది.

"తాళం ఉందన్న ధైర్యం చాలమ్మా క్లయింటుకి. బొమ్మ మాత్రం కాస్త పెద్దది వెయ్యి," అన్నాడు యజమాని.

అమ్మాయి గొణుక్కుంటూనే వేసింది. ఇత్తడి రంగులో మెరిసిపోయే తాళం.

డాక్టరుగారు దాన్ని చూసి మురిసిపోయారు. రోగుల గోప్యత తన ప్రాణమని ఎన్నో సభల్లో చెప్పిన మనిషి. ఇంత గట్టి తాళం వెనక ఏం పెట్టినా ఫరవాలేదనుకున్నారు. 'కోలుకున్నవారి కథలు' అనే పేజీ బోసిగా ఉందని, తన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక డ్రైవింగ్ టీచరు ఫొటోనూ, ఆమె కథనూ, స్కూలు పేరుతో సహా పంపారు. ఆమెను అడగలేదు. ఇంకా విడుదలే కాలేదు కదా, అడగడం దేనికన్నారు. తర్వాత సలహాల కోసం లింకును బంధువుల గ్రూపులో పెట్టారు. కింద 'పరమ రహస్యం' అని రాశారు. దాని కింద పాస్‌వర్డు రాశారు.

బంధువులు బాధ్యతగా స్పందించారు. బాబాయిగారు తాళం రంగు దివ్యంగా ఉందన్నారు. వదినగారు ఫొటోలో డాక్టరుగారికి జుట్టు ఇంకాస్త ఉంటే బాగుండేదన్నారు. తోడల్లుడు రహస్యం విలువ తెలిసిన మనిషి గనక, లింకును తన ఆఫీసు గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు.

నిజానికి వీరెవరూ ఇంత శ్రమపడక్కర్లేదు. తెర కింద పేజీ అంతా బయటే ఉంది. ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే యంత్రాలు వచ్చి శ్రద్ధగా చదువుకుని వెళ్లాయి. తాళం బొమ్మను చూసి జంకడం వాటికి ఎవరూ నేర్పలేదు. కొద్దిరోజులకే ఆ డ్రైవింగ్ స్కూలు పేరు ఎవరు వెతికినా, అన్నిటికన్నా పైన ఒక వాక్యం కనపడసాగింది: 'వంతెన ఎక్కాలంటే చేతులు వణికిన డ్రైవింగ్ టీచరు కథ.'

ఆమె ఊళ్లో ఎంతోమంది ఆడవాళ్లకు కారు నేర్పింది. పక్క సీట్లో కూర్చుని, కాలికింద తన బ్రేకు తాను పెట్టుకుని, రోడ్డు ఎక్కడికీ పారిపోదులెమ్మంటూ నిదానంగా చెబుతుంది. ఒక వర్షాకాలం వంతెనమీద వెనకనుంచి లారీ గుద్దింది. కారు రెయిలింగు అంచుదాకా వెళ్లి ఆగింది. దెబ్బలు మానాయి. వంతెన కనపడితే చేతులు వణకడం మాత్రం పోలేదు. భర్తకు కూడా చెప్పకుండా డాక్టరు దగ్గరికి తిరిగింది. చివరికి ఒకనాటి పొద్దున ఒక్కతే వంతెన దాటి, అవతల కారు ఆపుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సంగతి డాక్టరుగారొక్కరికే చెప్పుకుంది. ఏడ్చిన ముక్క కూడా పేజీలో ఉంది.

ఊరు వెంటనే జాగ్రత్తపడింది. ఒకరికి ఒంట్లో బాగాలేదు, ఇంకొకరికి కారు మీదే మనసు పోయింది. అందరూ వెళ్లి దేనికీ భయపడని ఇంకో డ్రైవింగ్ మాస్టారి దగ్గర చేరారు. ఆయన దేనికీ భయపడడని రోడ్డు పక్క స్తంభాలన్నిటికీ తెలుసు.

టీచరుకు విషయం భర్త ద్వారా తెలిసింది. అతను ఫోను ఆమె ముందు పెట్టి, నాకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు.  మర్నాడు ఆమె, సైటు అడుగున పేరున్న ఆ కంపెనీ మెట్లెక్కింది.

యజమాని ఆమెను కూర్చోబెట్టి, మర్యాదగా తాళం చూపించాడు. తమ వైపు లోపం లేదనీ, జనానికే సంస్కారం లేదనీ వివరించాడు. ఆయన వివరిస్తుండగానే అమ్మాయి ఆ పేజీ తీసేసింది.

"అది బొమ్మేనని తెలిసే వేశానక్కా," అంది తల దించుకుని.

టీచరు ఆ ఇత్తడి రంగు తాళం వంక చూసింది. "బాగా వేశావమ్మా. నేనైనా నమ్మేదాన్ని."

అక్కణ్ణుంచి ఆమె క్లినిక్కుకు వెళ్తే, డాక్టరుగారు ఇంకా ఉదారంగా మాట్లాడారు. ఆమె కథ ఎందరికో ధైర్యమిచ్చిందనీ, చిన్న విషయానికి మనసు కష్టపెట్టుకోవద్దనీ అన్నారు.

"ధైర్యం వచ్చినవాళ్లెవరూ నా కారెక్కలేదండీ," అని లేచి వచ్చేసింది.

సైటు విడుదల సభ ఘనంగా జరిగింది. "గోప్యత అంటే తలుపూ గొళ్లెమూ కావు, అదొక తపస్సు. వైద్యరంగంలో వెబ్‌సైటుకు తాళం వేసిన తొలి వ్యక్తిని నేనేనని వినయంగా మనవి చేస్తున్నాను," అన్నారు డాక్టరుగారు. చప్పట్లు మోగాయి. ఆయనకు జ్ఞాపిక ఇచ్చారు. రోగులు పెరిగారు.

టీచరు తన స్కూలు ముందు కొత్త బోర్డు పెట్టింది: 'భయపడేవారికి ప్రత్యేకంగా నేర్పబడును.' పట్టపగలు ఎవరూ రాలేదు. తెల్లవారుజామున, తలమీద కొంగు కప్పుకుని ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. ఎవరికీ చెప్పరు కదా అని అందరూ ముందు అదే అడిగారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వంతెన దాటేటప్పుడు ఆమె భర్త కూడా వెనక సీట్లో కూర్చుంటున్నాడు.

పరామర్శకు వచ్చినవారికి కొదవలేదు. ఘోరం జరిగిందన్నారు, డాక్టరును తిట్టారు, ఇలాంటివి చూడ్డమే పాపమన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, తాము మాత్రం చూడలేకపోయామనీ, ఆ పేజీ ఎవరి ఫోనులోనైనా మిగిలి ఉందా అనీ అడిగారు.

మా పాఠకులు అలాంటివారు కారు. అందుకే ఇందులో ఆమె పేరుగానీ, స్కూలు పేరుగానీ ఎక్కడా రాయలేదు. ఏ వాక్యంలోనైనా పొరపాటున జారిందేమోనని కళ్లు చికిలించి చూసినవారు మళ్లీ మొదటినుంచీ చదవనక్కర్లేదు.