ముత్యాలుకు పెద్దపీట

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి కోతి గెంతుకుంటూ పోయినా దారిలో రెండుసార్లు అన్నం తినాల్సినంత పెద్ద అడవిలో, ఒక నర్సుల బడి ఉండేది.

దాన్ని పెట్టింది ఏనుగు సారు. ఆయన మనసు మంచిది. చెవులూ పెద్దవే. కానీ ఎవరైనా చెప్పిన మాట ఆ చెవుల్లోంచి లోపలిదాకా చేరేలోపు ఆయన ఉపన్యాసం మొదలుపెట్టేసేవారు.

బడిలో కట్టు కట్టడం, జ్వరం చూడటం, సూది వెయ్యడం నేర్పేవాళ్ళు. సూదులు ముళ్ళపంది ఇచ్చేది. ఇచ్చేదంటే ఇష్టపడి ఇచ్చేది కాదు లెండి, వెనకనించి ఎవరో ఒకరు పీకేవాళ్ళు. బడికి వేరే గంట లేదు. "అబ్బా!" అని కేక వినపడిందంటే సూదుల క్లాసు మొదలైనట్టే.

ఆ బడిలో ముత్యాలు అనే ముంగిస పిల్ల చేరింది.

ముత్యాలుకి వెనక కాలు ఒకటి లేదు. చిన్నప్పుడు ఉచ్చులో పడింది. వాళ్ళ కొండ మీద కట్టు కట్టడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినవాళ్ళంతా చుట్టూ చేరి ఏడిచారు గానీ, ఏడుపుతో పుండు మానదు కదా. కాలు పోయింది. అప్పుడే అనుకుంది, నర్సు పని నేర్చుకుని మళ్ళీ ఆ కొండకే పోవాలని.

చదువులో దిట్ట. కట్టు చక్కగా కడుతుంది. ఒక్కటే ఇబ్బంది. రోగుల మంచాలు కొంచెం ఎత్తు. కుందేలూ కోతీ అయితే వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు చేతులతో పని చేసుకునేవాళ్ళు. ముత్యాలు అలా నిలబడబోతే పక్కకి ఒరిగి రోగి మీద పడేది. ఒకసారి కడుపునొప్పితో వచ్చిన ఎలుగుబంటి మీద పడింది. ఆయనకి కడుపునొప్పి తగ్గింది గానీ, ప్రతిసారీ అలా కుదరదు కదా.

అందుకని ఒకరోజు పాఠం అయ్యాక కొంగ మేడం దగ్గరికెళ్ళింది. ఆ బడిలో పాఠాలు చెప్పేది ఆవిడే.

"మేడం, నాకో చిన్న పీట ఇప్పిస్తారా? జానెడెత్తుంటే చాలు. దాని మీద కూచుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి."

కొంగ మేడం ఒంటికాలి మీద లేచింది. అసలే ఆవిడ ఎప్పుడూ ఉండేది ఒంటికాలి మీదే, ఇప్పుడు ఇంకొంచెం లేచింది.

"పీటా? నర్సు కూచుంటుందా ఎక్కడైనా? నర్సంటే నాలుగు కాళ్ళూ ఉండాలి, నిటారుగా నిలబడాలి!"

"మీకు రెండేగా మేడం," అంది ముత్యాలు మెల్లిగా.

"నాకు రెక్కలున్నాయి. అవి కలుపుకోవాలి."

"కలుపుకుంటే పీటని కూడా కలుపుకోవచ్చు కదండీ."

జవాబు తోచనప్పుడు ఆ బడిలో ఎవరైనా చేసే పనే కొంగ మేడమూ చేసింది. "ఆఫీసులో అడుగు," అంది.

ఆఫీసులో నక్క గుమస్తా ఉన్నాడు. ముత్యాలు చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. వింటున్నాడో నిద్రపోతున్నాడో తెలీలేదు.

"చూడమ్మాయ్, నీకు కాళ్ళెన్ని?"

"మూడండీ."

"వడ్రంగి పిట్ట చేసే పీటకి కాళ్ళెన్ని?"

"మూడే అండీ. ముక్కాలిపీట."

"మూడూ మూడూ ఆరు. ఆరు కాళ్ళుంటే దాన్నేమంటారు? పురుగంటారు. పురుగులకి ఈ బడిలో సీటు లేదు. నీకు పీటిస్తే నీ సీటే పోతుంది. నీ మంచికోరి చెప్తున్నా."

ముత్యాలు కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. "పోనీ నాలుగు కాళ్ళ పీట ఇప్పించండి," అంది.

"అప్పుడు ఏడవుతాయి. ఏడు కాళ్ళ జంతువు రూల్సులోనే లేదు. సరేలే, అర్జీ రాసి అక్కడిచ్చిపో."

అర్జీలు తీసుకునేది కొండమేక. తీసుకుంది. ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. తినేసింది.

"అయ్యో! తినేశారేంటండీ?"

"పరిశీలనలో ఉంది," అంది మేక, నములుతూనే.

ఈ గొడవంతా ఎలాగో ఏనుగు సారు చెవిన పడింది. ఆయనకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ఏడిస్తే మామూలుగా ఉండదు, కింద ఉన్నవాళ్ళు ఎత్తైన చోటు చూసుకోవాలి. వెంటనే అందర్నీ పిలిపించి మీటింగు పెట్టారు.

"నా బడిలో, నా కళ్ళ ముందు, ఒక కాలు లేని బిడ్డకి కష్టమా?" అని తొండమెత్తారు. "ఈ రోజు నుంచి మన బడిలో ఇలాంటి పిల్లలకి పెద్దపీట వేస్తున్నాం!"

అంతా చప్పట్లు. కోతులు ఈలలు కూడా వేశాయి.

ముత్యాలు వెనకనించి చెయ్యెత్తింది. "సారూ, పెద్దది వద్దండీ. చిన్నది చాలు."

"చూశారా! ఎంత అణకువో చూశారా!" అని ఏనుగు సారు మళ్ళీ ఏడ్చారు. ముందు వరస అంతా తడిసిపోయింది.

"అణకువ కాదండీ, నిజంగానే చిన్నది..."

ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

మర్నాడు నక్క గుమస్తా వడ్రంగి పిట్టని పిలిపించాడు.

"పెద్దపీట వెయ్యాలి. సారు ఆర్డరు."

వడ్రంగి పిట్ట ముక్కు గోక్కున్నాడు. "ఆ ముంగిస పిల్లకేగా? చిన్నదైతే అన్నం వేళకి చేసిచ్చేస్తా బాబూ."

"చిన్నదని ఎవరన్నారు? సారు అందరి ముందూ పెద్దపీట అన్నారు. నువ్వు చిన్నది చేస్తే సారు మాట చిన్నదైపోదూ?"

"మరెంత పెద్దది?"

నక్క ఆలోచించాడు. పీట ఎవరికోసమో వాళ్ళ కొలత తీసుకోవాలని అతనికి తట్టలేదు. పీట ఎవరు వేస్తున్నారో వాళ్ళ కొలత తీసుకోవడమే మర్యాద అనిపించింది.

"సారుకి సరిపోయేంత," అన్నాడు.

ఇక చూడండి. టేకు చెట్లు కూలాయి. వడ్రంగి పిట్ట చుట్టాలంతా దిగారు. పొద్దస్తమానం టకటక, టకటక. తలనొప్పితో వచ్చిన రోగులు వచ్చిన దారినే పోయారు.

పీట తయారయ్యేదాకా ముత్యాలుని ఏ పనీ చెయ్యనివ్వలేదు. సూది పట్టుకోబోతే కుందేలు లాక్కునేది. "నువ్వెందుకే తల్లీ, కష్టపడకు. నీకు పెద్దపీట వస్తోందిగా." కట్టు గుడ్డ తియ్యబోతే కోతి లాక్కునేవాడు. "అక్కా, నువ్వలా చూస్తూ కూచో చాలు."

"చూస్తూ కూచుంటే చెయ్యి తిరుగుతుందా?" అనేది ముత్యాలు.

"మేమంతా నీకు సాయం చేస్తున్నాం. నువ్వేంటి ఇలా మాట్లాడతావు?" అని వాళ్ళు అలిగేవాళ్ళు. మళ్ళీ వాళ్ళని ముత్యాలే బతిమాలాల్సొచ్చేది.

ఇలా ఉండగా పరీక్ష వచ్చింది. రోగికి కట్టు కట్టి చూపించాలి. కట్టినవాళ్ళు నర్సు. కట్టలేనివాళ్ళు ఇంటికి. మళ్ళీ ఇంకో అవకాశం లేదు.

"చూస్తూ కూచున్నదానికి మార్కులుండవు," అంది కొంగ మేడం ముందే. "పరీక్ష పరీక్షే."

ముత్యాలుకి ఆ రోజు ముద్ద దిగలేదు. ఈ పరీక్ష పోతే కొండ మీదకి ఉత్త చేతులతో పోవాలి. అక్కడ ఉచ్చులు ఇంకా ఉన్నాయి. పిల్లలు ఇంకా వాటిలో పడుతున్నారు.

పరీక్ష నాడే పీట ప్రారంభోత్సవం కూడా పెట్టారు ఏనుగు సారు. ఒకే పందిరి రెండింటికీ సరిపోతుందని.

నాలుగు కాళ్ళ ఆ పీటని, కాలికొకటి చొప్పున, నాలుగు అడవిదున్నలు మోసుకొచ్చాయి. గుమ్మంలో పట్టలేదు. గోడ కొట్టేశారు. లోపల పట్టలేదు. రోగుల మంచాలన్నీ తీసుకెళ్ళి బయట ఎండలో వేశారు. ఇప్పుడు పట్టింది. ఇక గదిలో పీట తప్ప ఏమీ లేదు. చెప్పొద్దూ, చూడ్డానికి మాత్రం భలే ఉంది, అంచుల్లో చిలకలు కూడా చెక్కారు.

"ఎక్కమ్మా!" అన్నారు ఏనుగు సారు ఆనందంగా.

ముత్యాలు తలెత్తి చూసింది. పీట పైభాగం ఎక్కడో అందనంత ఎత్తున ఉంది.

"ఎలా ఎక్కనండీ?"

అంతా నిచ్చెన కోసం అటూ ఇటూ వెతికారు.

"దీన్ని ఎక్కాలంటే ముందు నాకో చిన్న పీట కావాలి," అంది ముత్యాలు.

నక్క గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "దానికి మళ్ళీ వేరే అర్జీ పెట్టుకోవాలి."

అది వినగానే మేక నోరూరించుకుంటూ దగ్గరకొచ్చింది.

ఈలోపు కొంగ మేడం పరీక్ష మొదలుపెట్టేసింది. బయట వేసిన మంచం మీద రోగిగా తాచు తాతని పడుకోబెట్టారు. దున్న తొక్కి ఆయన తోక వాచిపోయింది. తాత ముత్యాలుని చూడగానే పడగెత్తి కెవ్వుమన్నాడు.

"అమ్మో, నాకీ పిల్ల వద్దు!"

ఏనుగు సారుకి కోపమొచ్చింది. "తప్పు తాతా! కాలు లేదని అలా అనకూడదు. మనం మారాలి."

"కాలు లేకపోతే నాకేంటయ్యా, నాకసలు ఒక్కటీ లేదు! అది ముంగిస! ముంగిసండీ బాబూ! అది మీలో ఒక్కరికీ కనపడలేదా?"

నిజమే, ఎవరికీ కనపడలేదు. ఇన్నాళ్ళూ అందరూ లేని కాలే చూస్తున్నారు గానీ, ఉన్న ముంగిసని ఎవరూ చూడలేదు.

"భయపడకు తాతా," అంది ముత్యాలు. "పరీక్ష రోజు ఎవర్నీ తినను. ఆకలే లేదు."

తాత కొంచెం ఆలోచించి తోక చాపాడు. తల మాత్రం దూరంగానే పెట్టుకున్నాడు.

ముత్యాలు కట్టు గుడ్డ తీసుకుని మంచానికి ఆనుకుంది. ఒరిగింది. మళ్ళీ ఆనుకుంది. మళ్ళీ ఒరిగింది.

"నిలబడు, నిలబడు!" అంది కొంగ మేడం.

"నిలబడాల్సింది కట్టు కదండీ మేడం, నేనెందుకు?"

"ఎదురు చెప్పకు. రూలు రూలే."

అటుపక్క ఏనుగు సారు ఉపన్యాసం ఆగలేదు. ఎవరో ఒకరు పీట ఎక్కకపోతే ప్రారంభోత్సవం అయినట్టు కాదు కదా. ఆయనే ఎక్కేశారు.

"ఈ బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడేలా చెయ్యడమే మన ఆశయం!" అని గర్జించారు. "ఎలా నిలబడాలి? ఇదిగో, ఇలా నిలబడాలి!" అంటూ కాలెత్తి గట్టిగా ఒక్క తొక్కు తొక్కారు.

ఫెళ్ళుమంది.

పెద్దపీట కాలొకటి విరిగిపోయింది. పీట ముక్కాలిపీట అయింది. అచ్చం ముత్యాలులాగే పక్కకి ఒరిగింది. ఏనుగు సారు చిలకల బొమ్మల మీదుగా జారుకుంటూ వచ్చి, కొట్టేసిన గోడలోంచి బయటికొచ్చి ధభీమని పడ్డారు. ఆయన వెనక కాలు మడతపడింది.

"అబ్బా!" అన్నారు. సూదుల క్లాసనుకుని ముళ్ళపంది పారిపోయింది.

పడుకున్నా ఏనుగు ఏనుగే, మంచమంత ఎత్తుంది కాలు. కుందేలు ఆ కాలుని చూసి మూర్ఛపోయింది. కోతి చెట్టెక్కాడు. కొంగ మేడం అలవాటుగా ఎగిరిపోయి చూరు మీద వాలింది. నాలుగు కాళ్ళున్నవాళ్ళంతా ఆ నాలుగూ పరిగెత్తడానికే వాడుకున్నారు.

పీట నించి ఊడిన ముక్క ఒకటి దొర్లుకుంటూ వచ్చి ముత్యాలు దగ్గర ఆగింది. జానెడెత్తు ఉంది. పైన చదునుగా, గుండ్రంగా ఉంది.

ముత్యాలు దాన్ని నిలబెట్టింది. ఎక్కి కూచుంది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి.

"సారూ, కదలకండి."

"నొప్పే తల్లీ!"

"తెలుసండీ. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? తాతా, కాస్త ఈ కొస పట్టుకుంటావా?"

తాచు తాత భయం మర్చిపోయి కొస నోట పట్టుకున్నాడు. ముత్యాలు వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, బిగించి ముడేసింది. చాలా రోజులు చూస్తూ కూచోబెట్టారేమో, కట్టు ఒక మూల కొంచెం వంకరొచ్చింది. అయినా నిలబడింది.

చూరు మీదనించి కొంగ మేడం అరిచింది. "కూచుని కట్టింది! ఒప్పుకోను!"

"ఒసే కొంగమ్మా!" అని కిందనించి ఏనుగు సారు అరిచారు. "పాస్ చెయ్యి! ముందు పాస్ చేసి, తర్వాత రూలు మార్చుకో! అబ్బా, కాలు! కాలికింద పెట్టుకోడానికి ఏదైనా చిన్నది ఇవ్వండర్రా!"

నక్క గుమస్తా పరిగెత్తుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "సారూ, తమరు అర్జీ..."

ఏనుగు సారు అతనికేసి ఎలా చూశారంటే, ఆ వాక్యం అతను ఇవాళ్టిదాకా పూర్తి చెయ్యలేదు.

ఆ సాయంత్రానికల్లా వడ్రంగి పిట్ట ప్రతి మంచం పక్కనా ఒక జానెడు పీట వేశాడు. ఒక్క పెద్దపీట కలపతో అడవంతటికీ చిన్న పీటలు వచ్చాయి, ఇంకా మిగిలింది. కోతి కూచుని కట్టు కడితే హాయిగా ఉందన్నాడు. కుందేలు మూర్ఛపోయినప్పుడు కూడా పీట మీదే పడింది, దెబ్బ తగల్లేదు. కొంగ మేడం కూడా ఎవరూ చూడనప్పుడు రెండో కాలు పీట మీద పెట్టుకునేదని చెప్పుకునేవాళ్ళు.

ఏనుగు సారు మాత్రం వానలు వెళ్ళేదాకా మూడు కాళ్ళ మీదే నడిచారు. ఎవరైనా దారిలో ఆపి, "సారూ, ఎంత ధైర్యమండీ మీది, మిమ్మల్ని చూస్తే మాకు కన్నీళ్ళొస్తున్నాయి," అంటే, "కన్నీళ్ళు తర్వాత, ముందు పక్కకి తప్పుకో," అనేవారు. అప్పటినుంచీ ఆయన ఉపన్యాసాలు కూడా పొట్టివైపోయాయి.

ముత్యాలు నర్సయింది. ఊడిన పీట ముక్కని చంకన పెట్టుకుని కొండెక్కి వెళ్ళిపోయింది. తాచు తాత తోక చూపించుకోడానికి అప్పుడప్పుడు అంత దూరమూ పాక్కుంటూ వెళ్తాడట. ముందు మాత్రం బయటనించే అడుగుతాడు: "అమ్మాయ్, అన్నం తిన్నావా?"

నీతి: అడిగినవాళ్ళకి చిన్న పీట దొరకాలంటే, ముందు అడగనివాళ్ళు పెద్దపీట మీంచి కింద పడాలి.