పైకప్పు లేని గుట్ట

మా కాలనీ వీపుసంచీ యాత్రికుల సంఘం తన మొదటి పర్వతారోహణను జయప్రదంగా పూర్తి చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పర్వతం అంటే రామగిరి గుట్ట. ఆరోహణ అంటే ఏమిటన్నది సంఘం ఇంకా తీర్మానించవలసి ఉంది.

సంఘం పుట్టిన విధం చెప్పాలి. అధ్యక్షులు జగదీశ్వర్ గారు భూగర్భ బొగ్గుగనిలో ఓవర్‌మన్, అంటే షిఫ్టు పని చూసే పైఅధికారి. ఇరవై ఆరేళ్ళుగా నేల కింద మైళ్ళకొద్దీ నడుస్తున్న మనిషి కాబట్టి నేల మీద నడవరు. కొత్తిమీర కట్టకు కూడా బండి తీస్తారు. వానాకాలంలో ఒక ఆదివారం అన్నం తిని మంచం మీద ఒరిగి ఫోను చూస్తుండగా, మంచుకొండ అంచున కూర్చున్న గడ్డం యువకుడొకడు కనిపించి, "మిత్రులారా, వస్తువులు ముఖ్యం కాదు, అనుభవం ముఖ్యం" అన్నాడు. జగదీశ్వర్ గారి కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే ఆ యువకుడి వీపు మీదున్న సంచీకి ఆర్డరు పెట్టారు.

సంచీ వచ్చింది. ఆయన భార్య శోభ దాన్ని ఎత్తి చూసి, "గీ దానికంటె నిండు సిలిండరే నయం. పట్టుకునేటందుకు కడెమన్న ఉంటది" అంది.

"ఖాళీది గదనే! లోపట సామాను పెడితె బరువు సమానమైతది. నీకు సమజ్ గాదు" అన్నారు అధ్యక్షులు.

సమానం చేయడానికి సామాను వచ్చింది. మైనస్ పది డిగ్రీల చలికి ఆగే పడక సంచీ వచ్చింది. మా దగ్గర ఎండాకాలం నలభై ఏడు దాకా పోతుంది. మైనస్ గుర్తును మేము పిల్లల లెక్కల పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. అయినా పరీక్షించకుండా ఏ వస్తువునూ వాడకూడదన్నది గని నియమం. అందుకని ఏసీని పదహారుకు దించి, ఫ్యాను ఐదు మీద పెట్టి, జగదీశ్వర్ గారు వారం రోజులు ఆ సంచీలో పడుకున్నారు. ఆయనకు చెమట పట్టింది. పక్కన రెండు దుప్పట్లు కప్పుకున్న శోభకు జలుబు చేసింది. సంచీ పాసయిందని ప్రకటించారు.

తర్వాత దిక్సూచి వచ్చింది. అది చెప్పిన ప్రకారం క్వార్టరులో దేవుళ్ళ అర ఈశాన్యంలో లేదు. దేవుళ్ళు వాషింగ్ మిషను మీదికి మారారు. బట్టలు పిండే వేళ వాళ్ళు కొద్దిగా ఊగుతారు, అంతే.

ఒక్కరే అనుభవిస్తే అది అనుభవం కాదనిపించి ఆయన సంఘం పెట్టారు. కార్యదర్శిగా వేణుమాధవ్ గారు కుదిరారు. మంథనిలో తరతరాలుగా గుడి సేవ చేసిన కుటుంబం, బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పంచాంగమూ ఫైలూ రెండూ తెలిసిన అరుదైన వ్యక్తి. రక్షణ అధికారిగా గట్టయ్య గారు వచ్చారు. గనిలో సర్దారుగా చేసి రిటైరయినవారు. సర్దారంటే, కూలీలు లోపలికి అడుగు పెట్టకముందే వెళ్ళి, చేతికర్రతో పైకప్పును కొట్టి చూసేవాడు. కప్పు ఖంగుమంటే జనాన్ని రానిస్తాడు, డొల్లగా మోగితే ఆపుతాడు. గట్టయ్య గారి చెవి ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆయన ఇప్పుడు కూడా పెళ్ళివిందుకు వెళితే కుర్చీలో కూర్చునేముందు షామియానా గుంజను తట్టి చూస్తారు.

'వస్తువు కాదు, అనుభవమే ముఖ్యం' అన్నది సంఘం నినాదం. దాన్ని టీషర్టుల మీద, టోపీల మీద, నీళ్ళసీసాల మీద, తాళంచెవుల గుత్తుల మీద అచ్చు వేయించారు. ఏ వస్తువు మీద ఈ మాట లేదో ఆ వస్తువు యాత్రకు పనికిరాదని రెండో సమావేశంలో తీర్మానం జరిగింది. సెంటరులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో సభ్యుల వెనక రామగిరి గుట్ట బదులు మంచుకొండలు ఉన్నాయి. మన గుట్ట కొండలాగా కనబడటం లేదని ఫ్లెక్సీ దుకాణంవాడు అన్నాడట.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాధన. సభ్యులు సంచీలు తగిలించుకుని పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగి, మిర్చీబజ్జీల బండి దగ్గర శిబిరం వేసేవారు. అక్కడ అధ్యక్షోపన్యాసం ఉండేది. "మిత్రులారా! మనిషి ప్రకృతి ఒడిలోకి పోవాలె. ఉత్త చేతులతోటి పోవాలె. అయితె, ఉత్త చేతులకు గ్లౌజులు ఇంకా రాలేదు. వచ్చేదాక ఓపిక పట్టాలె." చప్పట్లు. గ్లౌజులు వచ్చాక ముహూర్తం కుదరలేదు. ముహూర్తం కుదిరాక టీషర్టుల సైజు కుదరలేదు. గుట్ట మాత్రం కాలనీ వెనక ఎప్పటిలాగే ఉంది. దాని నుంచి ఏ జాప్యమూ లేదు.

శోభ ఇదంతా చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడానికి ఆమెకొక కారణం ఉంది. ఆమె పుట్టిన ఊరు ఆ గుట్టకు అవతలి వైపు ఉండేది. పదేళ్ళ కింద ఓపెన్‌కాస్టు గని కింద, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గోతిలో, కలిసిపోయింది. ఊరివాళ్ళు తలా ఒక దిక్కు సర్దుకున్నారు. ఇప్పుడు ఆ వైపు దారికి గేటు, గేటుకు గార్డు. ఊరున్న చోటును చూడాలంటే గుట్ట ఎక్కి పైనుంచి చూడటం ఒక్కటే మార్గం. సంఘం ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతుంది, వెంట తానూ ఎక్కవచ్చునని ఆమె ఆశ. సంఘాలను గురించి ఆమెకు అంతగా తెలియదు.

దసరా వెళ్ళిన తర్వాత జగదీశ్వర్ గారికి గోలేటికి బదిలీ ఆర్డరు వచ్చింది. ఒకటో తారీకున చేరాలి. సామాను లారీ సోమవారం వస్తుంది. మధ్యలో మిగిలింది ఒకే ఆదివారం.

"ఇగో, ఇనుండ్రి," అంది శోభ. "ఈ ఐతారం గుట్ట ఎక్కాలె. ఎక్కకుంటె నేను ఒక్క గిన్నె గూడ కట్ట. లారీ ఒట్టిదే పోతది."

"సాధన ఇంక పూర్తి కాలేదు శోభా."

"నేను ఏడేండ్లప్పుడు ఎక్కిన. నాకు సాధన ఎవ్వలు చెప్పిన్రు? మా అవ్వ సద్ది మూట చేతికిచ్చి 'జల్ది నడువే' అన్నది. అదే సాధన."

కాపురంలో ఇలాంటి అత్యవసర పరిస్థితులు వస్తాయి. సంఘం అత్యవసర సమావేశం జరిపి యాత్రను ఆమోదించింది. శోభను సభ్యురాలిగా చేర్చుకోవడానికి ఆమెకు సంచీ లేనందున వీలుపడలేదు. 'సామాను కాపలా' హోదాలో రావచ్చునని కార్యదర్శి రాసుకున్నారు.

ఆదివారం ఉదయం పద్నాలుగు మంది సభ్యులు వ్యానులో గుట్ట కిందికి చేరారు. సంచీలు వెనక మరో వ్యానులో వచ్చాయి. ముందుగా మస్టరు పడింది. అంటే హాజరు వేశారు. వేణుమాధవ్ గారు పేరు పిలిస్తే "ఉన్న" అని, హెల్మెటు, బూట్లు, ఈల, తాడు చూపించి ఒక్కొక్కరు పక్కకు జరిగారు. ఇందులో గంట గడిచింది. తర్వాత గట్టయ్య గారు చేతికర్ర పట్టుకుని ముందు నడిచారు. ప్రతి మెట్టునూ కొట్టి, చెవి పెట్టి విని, "ఖంగుమంటున్నది, రాండ్రి" అనేవారు. వెనక పదమూడు సంచీలు ఒక మెట్టు ఎక్కేవి. ఎవరికీ ఆయాసం రాలేదు. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య చాయ్ తాగేంత వ్యవధి ఉంది.

అలా డెబ్బై మెట్లు ఎక్కాక చెట్ల నీడ అయిపోయింది. గట్టయ్య గారు అలవాటు ప్రకారం కర్ర పైకెత్తారు. కర్ర దేనికీ తగల్లేదు. మరో కర్ర జోడించి ఎత్తారు. దానికీ తగల్లేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఆగుండ్రి!" అని చెయ్యి అడ్డం పెట్టారు. "ఈడికెళ్ళి పైకప్పు లేదు."

"ఆకాశం గద కాక?" అంది శోభ.

"గదే అంటున్న బిడ్డా. కొట్టి సూడరాని దాని కిందికి మనిషిని ఎట్ల పంపాలె? ముప్పై ఏండ్ల సర్వీసుల నేను గట్ల ఒక్కల్ని పంపలే. రేపు ఏమన్న మీద పడితె ఎంక్వైరీల ఎవ్వలు నిలబడాలె?"

సభ్యులు తలలెత్తి చూశారు. నిజమే, దానికి ఎక్కడా ఆధారం లేదు. గనిలోలాగా ఊతానికి ఒక్క దిమ్మె కూడా నిలబెట్టలేదు. అంత పెద్దది ఇన్నాళ్ళూ తమ నెత్తిన ఎలా ఆగిందో తలచుకుని కొందరు హెల్మెటు పట్టీలు బిగించుకున్నారు. అధ్యక్షులు పైఅధికారి గనుక గంభీరంగా, "రక్షణే ప్రథమం" అన్నారు. గనిలో ప్రమాదం ఉన్న చోట రెండు కట్టెలు ఇంటూ గుర్తులాగా కడతారు. దాన్ని దాటితే ఉద్యోగం ఊడుతుంది. దారికి అడ్డంగా, సంఘం కొన్న నడక కర్రలను రెండింటిని అలాగే కట్టారు. ఆ కర్రలు కొన్నందుకు అవి చేసిన మొదటి మేలు అది. అక్కడే చెట్ల కింద గుడారాలు వేసి, స్టవ్వులు వెలిగించి, నూడుల్సు వండటం మొదలుపెట్టారు.

అంతలో పైనుంచి కాయలు అమ్ముకునే సమ్మవ్వ దిగి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నెత్తి మీద సీతాఫలాల గంప, కాళ్ళకు చెప్పులు లేవు. తాళ్ళు, ఈలలు, హెల్మెట్లు చూసి ఆమె గుండె బాదుకుంది.

"అయ్యో బిడ్డా, ఎవ్వలు పడ్డరు? పీనుగ దొరికిందా?"

"ఎవ్వలు పడలేదవ్వా. గుట్ట ఎక్కనీకి వచ్చినం" అన్నారు జగదీశ్వర్ గారు.

"మరి ఎక్కుండ్రి. ఎవ్వలు వద్దన్నరు?"

"పైన ఏం లేదు గద అవ్వా, ఆపుకునేటందుకు!" అన్నారు గట్టయ్య గారు.

సమ్మవ్వ కాసేపు పైకి చూసి, కాసేపు ఆయన్ను చూసి, శోభ వైపు తిరిగింది. "మీ మనిషేనా గా కర్ర వట్టుకున్నాయన? ఎండ తాకింది. జర మజ్జిగ పొయ్యి." ఒక సీతాఫలం శోభ చేతిలో పెట్టి, కర్రల కింది నుంచి వంగి, గంప ఒరగకుండా అవతలికి దాటి దిగిపోయింది.

శోభ కొంగు నడుముకు చుట్టి, సమ్మవ్వ వచ్చిన దారినే, అవే కర్రల కింది నుంచి వంగి, పైకి నడిచింది. అధ్యక్షులు ఈల ఊదారు. ఆ ఈల ఆరు మైళ్ళ దాకా వినిపిస్తుందని డబ్బా మీద రాసి ఉంది. ఆరు అడుగుల దూరంలో ఉన్న శోభకు వినిపించలేదు.

రెండున్నర గంటల తర్వాత ఆమె దిగి వచ్చింది. కాలికి ముళ్ళు గీరుకున్నాయి, ఒక చెప్పు తెగింది. నూడుల్సు ఇంకా ఉడుకుతున్నాయి.

"మీ ఊరు కనబడ్డదా బిడ్డా?" అన్నారు గట్టయ్య గారు.

"లేదు కాక. బడి ఏడనో, మా ఇల్లు ఏడనో గుర్తువట్టలే. అంత పెద్ద బొంద. దాని అడుగున డంపర్ లారీలు చీమల్లెక్క తిరుగుతున్నయ్. పోచమ్మ గద్దె కాడ మా అవ్వ కూసునేది. గా జాగల గాలి తప్ప ఏం లేదు." తెగిన చెప్పు విడిచి పక్కన పెట్టి, "ఫోన్ల ఒక ఫోటో తీసుకున్న" అంది.

ఎవరో స్టవ్వు తగ్గించారు. తర్వాత జగదీశ్వర్ గారు భార్య కాళ్ళకేసి చూసి ఆవేదనతో అన్నారు. "హవాయి చెప్పులేసుకొని పోయినవా? గ్రిప్పు ఉండదు గదనే!"

సోమవారం లారీ వచ్చింది. మాట ప్రకారం శోభ గిన్నెలు కట్టింది. వీపుసంచీ, దాని సామానూ ఎక్కేసరికి లారీలో బీరువాకు చోటు చాలలేదు. అది తర్వాతి ట్రిప్పుకు ఆగింది.

యాత్రా నివేదికకు శిఖరం మీది ఫోటో కావలసి వచ్చింది. సంఘం మొత్తానికి అలాంటిది శోభ ఫోనులో ఒక్కటే ఉంది. వేణుమాధవ్ గారు దాన్ని అడిగి తీసుకుని, మెట్ల మీద తీసిన ఫోటోల నుంచి సభ్యులందరినీ సంచీలతో సహా కత్తిరించి ఆ ఫోటోలో అతికించారు. పద్నాలుగు మంది ఆ బొంద అంచున నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డారు. కింద 'వస్తువు కాదు, అనుభవమే ముఖ్యం' అని రాసి గ్రూపుల్లో పెట్టారు.

సాయంత్రానికి వెయ్యి మంది మెచ్చుకున్నారు. సగం మంది సంచీ ఏ కంపెనీదని అడిగారు. మిగిలినవారు వెనక ఉన్న లోయ అద్భుతంగా ఉందని, ఏ రాష్ట్రంలో ఉందని, పిల్లల్ని తీసుకుపోవచ్చునా అని అడిగారు. గోలేటిలో మూటలు విప్పుతూ శోభ కూడా ఒక మాట రాసింది: "అది లోయ కాదు. మా ఊరు."

ఇది చదువుతున్న మీరు దానికీ ఎర్ర గుండె గుర్తు పెట్టారు. పెట్టి, అక్కడ ఉండటానికి రూములు దొరుకుతాయా అని అడిగారు.